ఇరవై ఏడు నుంచి ఫోను

తలుపుకి పై సగం గాజు. గరుకు గాజు కాబట్టి లోపలి మనుషులు కనిపించరు, మనుషులున్న చోట మరకలు కనిపిస్తాయి. బల్లకి అటువైపు మూడు మరకలు, ఇటువైపు ఒకటి. ఇటువైపుది పిన్నిగారు. ఆవిడ లోపలికి వెళ్లి పది నిమిషాలైంది. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది, అంటే పదీ పదిహేను, ఆ గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని ఈ ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఎవరూ సరిచేయరు, ఎవరికి వాళ్లే మనసులో తీసేసుకుంటారు. ఆమె తలుపు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. బెంచీకి ఎడమ కాలి దగ్గర మర ఊడింది, అటు ఒరిగితే కిర్రుమంటుంది, అందుకని బరువంతా కుడివైపు వేసింది. ఒళ్లో ఫైలు, ఫైల్లో తను రాసిచ్చిన వాంగ్మూలం నకలు, రెండు పేజీలు. కంప్యూటర్ విభాగం అధికారిణిగా తనకు తెలిసిన విషయాలు, వరసగా, గంటలూ నిమిషాలతో. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ మాట పొద్దుటి నుంచి నాలుగోసారి అనుకుంది. అబద్ధం లేదు. ఒక సంగతి లేదు, అంతే.

ఒక సంగతి. ఆ సంగతి ఉంటే పిన్నిగారి ఉద్యోగం ఉండొచ్చు, లేకపోతే పోతుంది. ల్యాబులో ముప్పై రెండేళ్లుగా గుమాస్తా, టైపు మిషను మీద మొదలుపెట్టి కంప్యూటర్ మీదికి వచ్చిన మనిషి, డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ పిన్నిగారే, అసలు పేరు జీతం కాగితాల్లో చూస్తే తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. ఎవరినీ అడగకుండా దొంగ ఫోను నంబరుకి తనంతట తాను ఫోను చేసి ఆసుపత్రి కంప్యూటర్లను అపరిచితుడి చేతిలో పెట్టినందుకు ఆవిణ్ణి ఎందుకు తొలగించకూడదో చెప్పమని మెమో ఇచ్చారు. ఎవరినీ అడగకుండా, తనంతట తాను. మెమోలో బరువంతా ఆ రెండు మాటల మీదే ఉంది. ఆ రెండు మాటలూ నిజం కావని తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు లోపల మరకై కూర్చున్నారు. ఇంకొకరు కుడివైపు బరువు వేసి కూర్చున్నారు.

తలుపు పక్కన స్టూలు మీద బంట్రోతు ఫోను చూసుకుంటున్నాడు. బొటనవేలు పైకీ కిందికీ ఆడిస్తూ, ఉన్నట్టుండి తలెత్తాడు. "మేడమ్, మా బావమరిది ఏదో లింకు పంపాడు. నొక్కనా వద్దా? నొక్కితే నా పేరు గోడెక్కుద్దా?" అని తన జోకుకి తనే నవ్వాడు. ఆమె నొక్కొద్దంది. "నొక్కకపోతే వాడేమనుకుంటాడో." ముందు ఫోన్ చేసి పంపింది నువ్వేనా అని అడగమంది, ఎనిమిదేళ్లుగా అందరికీ చెప్పే మాటే. "ఫోన్ చేస్తే తీయడండీ వాడు. నా నంబరు చూస్తే చాలు, అప్పు అడుగుతాననుకుంటాడు," అని మళ్లీ ఫోన్లోకి తల దించాడు. ఆమె ఒరిగింది, బెంచీ కిర్రుమంది. వీడికి తెలుసా? తెలియదు. తెలిసే దారి లేదు. బయటికి వెళ్లే ఫోన్లు మాత్రమే ఆసుపత్రి ఎక్స్‌ఛేంజిలో రికార్డవుతాయి. లోపలి నుంచి లోపలికి చేసే ఫోనుకి గుర్తంటూ ఏదీ మిగలదు, మోగినంతసేపు మోగుతుంది, తర్వాత మోగలేదన్నట్టే. ఆ ఏర్పాటు పెట్టిందీ తనే. లోపలి ఫోన్లు కూడా రికార్డు చేయాలంటే ఇంకో డబ్బా కొనాలి, అనవసరం అని ఫైలు మీద రాసింది తనే.

గోడెక్కడం. క్యాంటీను పక్క గోడకి నోటీసు బోర్డు ఉంది, దాని మీద నెలనెలా తను అంటించే జాబితాకి ఆ మాట వాళ్లు పెట్టుకున్నదే. ఎవరు మోసపోతారో పరీక్షించడానికి ప్రతి నెలా మొదటి వారం ఆమె ఒక దొంగ మెయిలు తయారు చేసేది. ఆసుపత్రిలో మూడు వందల పదహారు మందికి పంపేది, అందులో లింకు నొక్కినవాళ్ల పేర్లు ఎర్ర సిరాతో అచ్చు తీసి అంటించేది. మొదటి నెల అరవై ఒక్క పేర్లు. ఏడాది తిరిగేసరికి తొమ్మిది. వార్షిక సమావేశంలో గీతల బొమ్మ వేసి చూపించింది, సూపరింటెండెంటు చప్పట్లు కొట్టించారు. ఇంకో లెక్క కూడా ఆమె దగ్గర ఉంది, అది చూపించలేదు. జాబితా మొదలుపెట్టక ముందు, ఇదేదో తేడాగా ఉందమ్మా కాస్త చూడండి అని నెలకి నలభై మంది దాకా ఫోన్ చేసేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఇద్దరు. మనుషులు తెలివి మీరారు కాబట్టి అడగడం లేదని అప్పుడు అనుకుంది. అలా అనుకోవడం హాయిగా ఉండింది. ఆ మెయిళ్లు రాయడం కూడా హాయిగానే ఉండేది, ఒప్పుకోవాలి, ఎవరు దేనికి లొంగుతారో ఆలోచించి, పొద్దున బస్సులో మాటలు కూర్చుకుంటూ. పిన్నిగారు రెండోసారి పడింది అలాంటి దానికే. పదవీ విరమణ కాగితాల్లో మీ పుట్టిన తేదీ తప్పు పడింది, సరిచూసుకోండి అని ఉంది అందులో. ఆ వయసు వాళ్లు ఆరుగురుంటే ఆరుగురూ నొక్కారు. ఆ మధ్యాహ్నం క్యాంటీనులో టీ పోసేవాడు, "పిన్నిగారూ, ఇందులో లింకేం లేదు, ధైర్యంగా తాగెయ్యండి," అన్నాడు, వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పిన్నిగారూ నవ్వింది. టీ మాత్రం బల్ల మీద వదిలేసి వెళ్లింది. ఆమె రెండు బల్లల అవతల కూర్చుని చూసింది. మూడోసారి పేరెక్కితే కంప్యూటర్ తీసేసుకుని కింద స్టోరు గదికి పంపాలని ఉత్తర్వు. సంతకం సూపరింటెండెంటుది. ముసాయిదా తనది.

గాజు వెనక ఒక మరక కదిలింది. చెయ్యి ఎత్తినట్టున్నారు ఎవరో. నీళ్ల గ్లాసు కావచ్చు.

అది జరిగింది ఒక బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి. ల్యాబులో పిన్నిగారికి పళ్ల విభాగం గుమాస్తా పేరు మీద మెయిలు వచ్చింది, సవరించిన డ్యూటీ చార్టు అని. శనివారం శనివారం అందరికీ డ్యూటీ చార్టు పంపేది పిన్నిగారే, తన చార్టుని ఎవరో సవరించారంటే ఆవిడ తెరవకుండా ఎలా ఉంటుంది. తెరిచింది. అది తెరిచినవాళ్ల మెయిలు జాబితాలో ఎవరెవరున్నారో అందరికీ వాళ్ల పేరుతోనే తనను తాను పంపుకునే వైరస్ పురుగు. పళ్ల విభాగంలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. రెండు నిమిషాలకి తెర నిండా ఒక గడి వచ్చింది. మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, కంప్యూటర్ ఆపకండి, వైరు తీయకండి, అక్కడి నుంచి లేవకండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి, ఇట్లు సాంకేతిక సహాయ విభాగం. ఆ నంబరు చూసి కూడా పిన్నిగారు ముందు దానికి చేయలేదు. చేయలేదు. పక్క భవనం మూడో అంతస్తుకి, కంప్యూటర్ విభాగానికి చేసింది.

ఆమె అప్పుడే క్యారేజీ మూత తీసింది. బల్ల మీద ఫోను మోగింది, చిన్న తెర మీద ఇరవై ఏడు అని పడింది. ఇరవై ఏడంటే పిన్నిగారు. మళ్లీ ఈవిడే, అనుకుంది. పైకే అంది, గదిలో ఎవరూ లేరు. ఆ వారంలో ఇరవై ఏడు నుంచి నాలుగు ఫోన్లు. ప్రింటరులో కాగితం ఇరుక్కుందని, అక్షరాలు చీమలంత అయిపోయాయని, బాణం గుర్తు కనిపించడం లేదని, ఆఖర్ది ఆ ముందు రోజుదో అంతకు ముందు రోజుదో, ఏమీ లేదమ్మాయ్, తెర మీద ఏదో మెరిసింది, నాకే అనిపించిందేమో అని. ఏమీ లేకపోతే ఎందుకు చేశారండీ, అంది ఆమె దానికి. ఆ మాటకి పిన్నిగారు ఏమందో గుర్తులేదు. ఫోను పెట్టేసింది. ఇరవై ఏడు అన్న అంకె ఆరుతూ వెలుగుతూ ఉంది, ఆమె చెంచా చేతిలో పట్టుకుని లెక్కపెట్టింది, ఎందుకు లెక్కపెట్టిందో తెలియదు, లెక్కపెట్టడానికి ఓపిక ఉన్న మనిషికి తీయడానికి ఓపిక ఉంటుంది కదా. పదకొండు. ఆగింది. ఒక నిమిషం తర్వాత మళ్లీ ఇరవై ఏడు. ఈసారి ఆరు. ఆరు దగ్గర ఆగినప్పుడు హమ్మయ్య అనుకుంది. తీసి ఉంటే ఒక్క మాట చెప్పేది. వైరు పీకేయండి పిన్నిగారూ. గోడ దగ్గర నీలం రంగు వైరు, బల్ల కింద చెయ్యి పెడితే అందుతుంది, పీకడానికి రెండు సెకన్లు. అప్పటికి ఆ పురుగు ల్యాబు గది దాటలేదు. తర్వాత తనే తేల్చింది ఆ సంగతి, కంప్యూటర్ల చిట్టాలన్నీ పక్కపక్కన పెట్టుకుని. మొదటి మెయిలు పిన్నిగారి పేరుతో బయటికి వెళ్లింది ఒంటిగంటా ముప్పై ఒకటికి. రెండో ఫోను ఆగింది ఒంటిగంటా ఇరవై ఆరుకి. ఆ ఒంటిగంటా ఇరవై ఆరు మాత్రం ఏ చిట్టాలోనూ లేదు, క్యారేజీ మూత పక్కన ఉన్న చేతి గడియారంలో ఉంది.

ఒంటిగంటా ఇరవై ఎనిమిదికి పిన్నిగారు తెర మీద నంబరుకి చేసింది. అది బయటి ఫోను, రికార్డయింది, నలభై రెండు నిమిషాలు. విచారణ కమిటీ అందులో ముక్కలు మాత్రమే విన్నది. ఆమె మొత్తం విన్నది, ఒకసారి పని కోసం, రెండోసారి ఎందుకో. అవతల గొంతు ఒక మగమనిషిది, ముప్పై ఏళ్లుంటాయేమో. "కంగారు పడకండమ్మా. ఇది మీ తప్పు కాదు. రోజూ వంద మందికి అవుతుంది." అదీ వాడి మొదటి మాట. చూపు ఆనడం లేదంటే అక్షరాలు పెద్దవి చేయడం ఎలాగో చెప్పాడు, చెప్పిందే మూడుసార్లు చెప్పాడు, విసుక్కోలేదు. భోజనం చేశారా అని అడిగాడు. లేదు బాబూ అంటే, "ఇది అయిపోగానే తినేయండి, నేను చూసుకుంటాగా," అన్నాడు. వాడు చెప్పిన ప్రతి అంకె ఆవిడ కొట్టింది, అడిగినప్పుడల్లా సరే అన్న చోట నొక్కింది. మధ్యలో ఒకచోట వాడు, "మీ కంప్యూటర్ సెక్షన్ వాళ్లకి చెప్పారా అమ్మా?" అని అడిగాడు. రికార్డులో తొమ్మిది సెకన్లు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు తప్ప. తర్వాత పిన్నిగారి గొంతు. "ఆవిడకి బోలెడు పనుంటుంది బాబూ. ఊరికే విసిగించకూడదు." కమిటీకి ఆ ముక్క వినిపించినప్పుడు పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి పెన్నుతో బల్ల మీద కొట్టి, చూశారా, అడగాలని కూడా అనుకోలేదు, అన్నాడు. ఆమె తలూపింది. తొమ్మిది సెకన్ల గురించి ఎవరూ అడగలేదు. ఫోను పెట్టేసే ముందు ఆవిడ వాడికి, "చల్లగా ఉండు నాయనా, చాలా ఓపిగ్గా చెప్పావు," అంది. ఎనిమిదేళ్లలో ఆవిడ తనకి అలాంటి మాట అనడానికి సందు ఇచ్చిందా తను? ఆ ప్రశ్న కూడా చిట్టాల్లో లేదు.

మూడు వందల పదహారు మందిలో నూట తొమ్మిది మంది ఆ చార్టు తెరిచారు. పిన్నిగారు పంపింది కదా. కొందరికి అనుమానం వచ్చింది కూడా, ఇది మేడమ్ పరీక్షేలే అనుకుని నవ్వుకుని ఊరుకున్నారు, ఎవరూ ఫోన్ చేయలేదు. రెండూ పదిహేనుకి ల్యాబులో కంప్యూటర్లు తాళాలు పడ్డట్టు ఆగిపోయాయి. వారం పట్టింది లేపడానికి. పాతదంతా తిరిగొచ్చింది, పదకొండు రోజులది రాలేదు. ఆ పదకొండు రోజుల్లో డెబ్భై మూడు మంది ఒంట్లోంచి ముక్కలు తీసి పరీక్షకి పంపారు. గాజు పలకలు భద్రంగానే ఉన్నాయి, ఏ పలక ఎవరిదో చెప్పే జాబితా పోయింది. అంతకు ముందు పిన్నిగారు రిజిస్టరులో చేత్తో కూడా రాసేది, రెండుసార్లు రాయడం దేనికండీ అని రెండేళ్ల కిందట ఆమే మాన్పించింది. వార్డుల కాగితాల కట్టలు విప్పి చీటీలు వెతికితే అరవై ఎనిమిది మందివి దొరికాయి. అయిదుగురివి దొరకలేదు. ఆ అయిదుగురికీ మళ్లీ కోసి తీయాలన్నారు. అందులో ఒకాయన వడ్రంగి, ముక్క తీసింది గొంతులోంచి. రెండోసారి తీసినప్పుడు రక్తం ఆగక లోపల కుట్లు వేశారు, మాట పోయింది, తిరిగి రావచ్చు రాకపోవచ్చు అన్నారు. మొన్న ల్యాబు కిటికీ దగ్గర నిలబడ్డాడు. జేబులోంచి వడ్రంగి పెన్సిలు తీసి, చిన్న చెక్క ముక్క మీద రాసి లోపలికి చూపించాడు. రిపోర్టు వచ్చిందా? పిన్నిగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి, చెబితే వినిపిస్తుంది. అయినా ఆవిడ ఆ చెక్క అందుకుని, ఆయన పెన్సిలే అడిగి తీసుకుని, శుక్రవారం అని రాసి ఇచ్చింది.

పదీ నలభై. మనసులో ఐదు తీసేస్తే పదీ ముప్పై ఐదు. ఎందుకు చెప్పలేదు ఆవిడ? వాంగ్మూలంలో ఆవిడ చేతి రాతతో ఉంది, ఎవరినీ అడగకుండా నేనే ఫోను చేశాను, తప్పు నాదే అని. మేడమ్ సీట్లో లేదనుకుందా? అనుకుంటే రెండుసార్లు చేశానని రాయొచ్చు కదా, చేస్తే ఎత్తలేదు అనడంలో తప్పేముంది. ఎత్తలేదని రాస్తే, ఆ టైములో మీరెక్కడున్నారమ్మా అని తనను అడుగుతారు. తను ఏం చెబుతుందో వినడం ఇష్టం లేకపోయిందా? ఆమెకి నాన్న నల్లబల్ల గుర్తొచ్చింది. నాన్న లెక్కల మాస్టారు, ఆమె చదివిన బళ్లోనే. లెక్కలు చేసుకురాని వాళ్ల పేర్లు బల్ల మీద కుడివైపు మూలన రాసేవాడు, సాయంత్రం దాకా చెరపనిచ్చేవాడు కాదు. ఏడో తరగతిలో ఒకరోజు ఆమెకి ఒక లెక్క రాలేదు. నాన్నని అడగొచ్చు, ఒకే ఇంట్లో, ఒకే దీపం కింద కూర్చుంటారు, అడిగితే ఇది కూడా రాదా అంటాడు. పొద్దున్నే బళ్లో పక్క పిల్లది చూసి దించింది. ఆ రోజు బల్ల మీద ఆమె పేరు లేదు. ఇంటికి వస్తూ నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. ఆ లెక్క ఆమెకి ఇప్పటికీ రాదు. పేరు బల్లకెక్కకుండా ఎలా చూసుకోవాలో మాత్రం ఆ పొద్దుటే వచ్చేసింది. ఫోన్ చేసే నలభై మంది ఇద్దరవడం అంటే అదే. తనకి తెలియనిదేం కాదు. ఆ గీతల బొమ్మ వేస్తున్నప్పుడు కూడా ఎక్కడో తెలుసు.

తలుపు తెరుచుకుంది. పిన్నిగారు బయటికి వచ్చి చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. బంట్రోతు లేచి స్టూలు ఆవిడ వైపు జరిపాడు, ఆవిడ కూర్చోలేదు. బెంచీ దగ్గరికి వచ్చింది. "నీ వంతు వచ్చినట్టుంది, వెళ్లమ్మాయ్," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కాయితం మీద ఏముందో అదే చెప్పాను. నువ్వూ అదే చెప్పు."

"పిన్నిగారూ, ఆ రోజు నేను..."

"తెలుసులే. కిటికీలోంచి నీ గదిలో లైటు కనబడుతుంది మా ల్యాబుకి." కళ్లజోడు పెట్టుకుంది. "నాకింకెంత, పద్నాలుగు నెలలు. నువ్వు పిల్లలున్నదానివి. ఇద్దరం ఎందుకు గోడెక్కడం?"

నవ్వింది, టీ వదిలేసిన రోజు నవ్వినట్టే. మెట్ల వైపు నడిచింది, కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టు దిగింది. బంట్రోతు గొంతు సవరించుకుని, "మేడమ్ గారూ, రమ్మంటున్నారు," అన్నాడు, ఇందాక బావమరిది గురించి అడిగిన గొంతు కాదది, డ్యూటీ గొంతు.

లోపల మరకలకి ముఖాలున్నాయి. సూపరింటెండెంటు, పై ఆఫీసు అధికారి, చివర షార్ట్‌హ్యాండు రాసుకునే అమ్మాయి. కూర్చోమన్నారు. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. సూపరింటెండెంటు ఆమె ఇచ్చిన రెండు పేజీలూ తిరగేసి, చాలా వివరంగా రాశారమ్మా, ఒక్క ప్రశ్నే, రికార్డు కోసం, అన్నారు. అధికారి కాగితం చూసి చదివాడు. "సంఘటన రోజు సదరు గుమాస్తా మీ విభాగాన్ని సంప్రదించలేదు. ఔనా?"

ఔను అంటే అయిపోతుంది. రెండక్షరాలు. కిందికి దిగి క్యాంటీనులో టీ తాగొచ్చు. నోరు తెరిచింది, అప్పుడు బల్ల చివర ఫోను మోగింది. అధికారి చెయ్యి చాపబోతే సూపరింటెండెంటు వారించారు. "మోగనివ్వండి సార్. మోగి మోగి అదే ఊరుకుంటుంది." అందరూ ఊరుకున్నారు. అది ఎక్కడి నుంచో, ఏ వార్డు నుంచో, ఆ చిన్న తెర అటు తిరిగి ఉంది, అంకె కనిపించలేదు. నాలుగు. అయిదు. ఆమె చేతిలో చెంచా లేదు, ఫైలు ఉంది. ఏడు. ఎనిమిది. ఎనిమిది దగ్గర ఆగింది.

"ఊఁ, చెప్పండమ్మా," అన్నారు సూపరింటెండెంటు.

"పదకొండు," అంది ఆమె.

"ఏంటి పదకొండు?"

"పదకొండుసార్లు మోగింది సార్. నా బల్ల మీద. ఆవిడ నంబరే. నేను అక్కడే ఉన్నాను."

షార్ట్‌హ్యాండు అమ్మాయి పెన్సిలు ఆపి సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన కళ్లజోడు తీసి కాగితాల మీద పెట్టారు. "ఇప్పుడు అదంతా అవసరమా అమ్మా?" అన్నారు, మందలించినట్టు కాదు, తప్పుకోవడానికి దారి చూపిస్తున్నట్టు, ఆ ల్యాబు ఫోనులో మగమనిషిలాగే మెత్తగా.

"రాయండి," అంది ఆమె ఆ అమ్మాయితో. "నిమిషం ఆగి మళ్లీ చేసింది. ఈసారి ఆరు."